మా పెద్దలను, వారి పత్రాలను మాకు అప్పగించండి: పెరూ కొండ ఊళ్ళ వినతిపత్రం

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,
పెరూ గణతంత్ర ప్రభుత్వం, లీమా.

ప్రతి: లీమా ఆర్చ్‌బిషప్ గారికి.

విషయం: స్పానిష్ పాలనలో ధ్వంసమైన మా పూర్వీకుల గుహలు, చెదిరిపోయిన వారి దేహాలు, వారిపై జరిగిన విచారణల పత్రాల విషయంలో కొండ సమాజాలకు దక్కవలసిన హక్కుల గురించి.



మేము కహతాంబో, వరోచిరీ, కాంతా లోయల పైకొసన ఉన్న ఊళ్ళ వాళ్ళం. బంగాళాదుంపలు, మొక్కజొన్న పండించుకుంటాం, మంద మేపుకుంటాం. మా ఊళ్ళ పేర్లు చాలావరకు లీమా ఆర్చ్‌బిషప్ భాండాగారంలో ఒకే విభాగంలో కనిపిస్తాయి. ఆ విభాగానికి పెట్టిన పేరు ‘మంత్రవిద్యలు, విగ్రహారాధనలు’. 17వ శతాబ్దంలో మా ముత్తాతలను, ముత్తవ్వలను విచారణాధికారుల ముందు నిలబెట్టి రాయించిన వాంగ్మూలాలవి. మా కోరికలకు మొదలు ఆ పత్రాలే. అయితే అవి ఎందుకు పుట్టాయో చెప్పకుండా వాటిని అడగడం సరికాదు గనుక, ముందుగా జరిగినది క్రమంగా విన్నవిస్తాము.

నేపథ్యం

మా ఊళ్ళకు మూలమైన పెద్దలను పూర్వం మట్టిలో కప్పేవారు కాదు. పొడిగాలి ఆడే కొండగుహలో, మోకాళ్ళు గుండెకు ఆనించి కూర్చోబెట్టి, నేత బట్టలు చుట్టి ఉంచేవారు. గుహను మచాయ్ అంటాం, అందులోని పెద్దను మల్కి అంటాం. వానలు మొదలయ్యే కాలంలో ఒకసారి, మొక్కజొన్న పండబారే కాలంలో మరొకసారి ఊరు ఊరంతా ఉప్పూ మిరపా మాని నిష్ఠగా ఉండేది. పెద్దలకు కొత్త బట్టలు మార్చేవారు. కోకా ఆకు, మొక్కజొన్న చీచా, గినీపంది నెత్తురు, లామా కొవ్వు నైవేద్యం పెట్టేవారు. ఆడవాళ్ళు చిన్న డప్పులు వాయిస్తూ ఏ పెద్ద ఎక్కడి నుంచి వచ్చాడో, ఏ చరియకు గట్టు కట్టాడో, ఏ సరస్సు నుంచి కాలువ తెచ్చాడో రాత్రంతా పాడేవారు.

ఆ పాట వట్టి భక్తిగీతం కాదని తమరు గుర్తించాలి. పొలం ఏ ఐల్యుది, నీటి వంతు ఎవరిది అన్న తగువు వస్తే తీర్పు దానిలోనే ఉండేది. ఐల్యు అంటే ఒకే మూలపురుషుణ్ణి చెప్పుకునే కుటుంబాల కట్టు. లోయలో మెట్టపొలాలు చేసిన వారికీ, పై మేత నేలల నుంచి మందలతో దిగివచ్చిన వారికీ వేరువేరు పెద్దలు, వేరువేరు గుహలు ఉండేవి. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఇరుగుపొరుగుగా బతికారంటే ఆ పెద్దల మధ్య కుదిరిన ఒడంబడిక వల్లనే. కనుక గుహను తగలబెట్టినప్పుడు కాలింది దేహం ఒక్కటే కాదు. ఊరి హద్దుల దస్తావేజు కూడా.

కుస్కోలో ఇంకా వంశపు రాజులకు కూడా ఇదే మర్యాద దక్కేది. చనిపోయిన రాజు ఆస్తిని అతని వంశం అతని పేరునే నడిపేది. 1559లో పోలో దె ఒందెగార్దో అనే అధికారి దాచిపెట్టిన రాజదేహాలను వెదికి పట్టుకున్నాడు. మరుసటి ఏడు స్పెయిన్‌కు బయలుదేరే ముందు యువకుడైన గార్సిలాసో దె లా వేగా వాటిని అతని ఇంట్లోనే చూశాడు. ఒక రాజు వేలిని తాకి చూశానని తరువాత తన గ్రంథంలో రాసుకున్నాడు. వాటిలో కొన్నింటిని లీమాకు తరలించి, సాన్ ఆంద్రెస్ ఆసుపత్రిలో ఉంచారు. అక్కడితో జాడ తెగిపోయింది. నేటికీ దొరకలేదు.

1560ల్లో వామంగా ప్రాంతంలో తాకి ఓంకోయ్ అనే ఉద్యమం లేచింది. వాకాలు, అంటే మా పవిత్ర స్థలాల శక్తులు, తిరిగి లేస్తున్నాయని, మనుషుల ఒంట్లో పూని మాట్లాడుతున్నాయని, పరాయి దేవుణ్ణి ఓడిస్తాయని దాని బోధకులు చెప్పారు. క్రిస్తోబల్ దె అల్బొర్నోస్ అనే పాదిరీ ఊరూరా తిరిగి దాన్ని అణచివేశాడు. వేలమందికి శిక్షలు పడ్డాయి. 1570ల్లో వైస్రాయ్ తొలేదో కొండల మీద చెదురుగా ఉన్న జనాన్ని దించి, చర్చి, చౌరస్తా ఉన్న కొత్త ఊళ్ళలో కుదించాడు. పన్ను వసూలుకు, పొతోసీ వెండిగనుల వెట్టికి మనుషులను లెక్కపెట్టడం అలా తేలికయింది. గుహలకు ఊరు దూరమయింది. చనిపోయిన వారిని చర్చి నేల కింద పూడ్చాలన్న నియమం వచ్చింది.

మా వాళ్ళు ఏం చేశారో పాబ్లో హోసే దె అరియాగా అనే జెస్యూట్ 1621లో లీమాలో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. రాత్రివేళ చర్చి నేల తవ్వి, తమ వాళ్ళను ఎత్తుకుపోయి గుహలో పెద్దల పక్కన కూర్చోబెట్టారు. ఎందుకని అడిగితే, వాళ్ళ మీద ప్రేమ వల్లనేనన్నారు. మట్టి బరువు కింద వాళ్ళు నలిగిపోతున్నారు, గాలి తగిలే చోట హాయిగా ఉంటారు అన్నారు. అరియాగా మా పక్షం వాడు కాడు, విగ్రహారాధన నిర్మూలన కోసమే ఆ పుస్తకం రాశాడు. అయినా ఆ జవాబును తుడిచివేయకుండా రాసిపెట్టాడు. అందుకు ఆయన పట్ల మాకు కృతజ్ఞత ఉంది.

నిర్మూలన దండయాత్రకు నాంది ఒక వినతిపత్రమే అన్న సంగతి తమ దృష్టికి తేవడం అవసరం. 1607లో వరోచిరీలోని సాన్ దమియాన్ చర్చి పరిధిలోని ప్రజలు తమ పాదిరీ ఫ్రాన్సిస్కో దె ఆవిలా మీద చర్చి అధికారులకు ఫిర్యాదు పెట్టారు. తమ చేత చేయించుకున్న పనిని, తమ వద్ద గుంజుకున్న సొత్తును ఒక్కొక్కటిగా రాశారు. ఫిర్యాదు వీగిపోయింది. అది పెట్టిన కొద్దికాలానికే ఆ పాదిరీ తన చర్చి పరిధిలోని ప్రజలు రహస్యంగా పెద్దలను, వాకాలను కొలుస్తున్నారని బయటపెట్టాడు. 1609 డిసెంబరు 20న లీమా ప్రధాన చౌరస్తాలో, వైస్రాయ్, ఆర్చ్‌బిషప్ చూస్తుండగా, మా కొండల నుంచి మోసుకొచ్చిన వాకాలను, మల్కీలను కుప్పవేసి కాల్చారు. ఎర్నాందో పౌకర్ అనే పూజారిని కొరడాలతో కొట్టించి దేశం దాటించారు. అర్జీ పెట్టుకున్న వాళ్ళకు అందిన జవాబు అది. నాలుగు వందల ఏళ్ళ తరువాత అదే నగరంలో మళ్ళీ అర్జీ పెడుతున్నాము. ఈసారి వినేవారున్నారన్న నమ్మకం ఉన్నందువల్లే పెడుతున్నాము.

తరువాతి లెక్క అరియాగాదే. 1617 ఫిబ్రవరి నుంచి 1618 జూలై వరకు 5,694 మంది చేత తప్పు ఒప్పించారు. 679 మంది పూజారులను శిక్షించారు. 603 ప్రధాన వాకాలను, 3,418 ఇలవేల్పు రాళ్ళను, 617 మల్కీలను పట్టుకున్నారు. చర్చిల నుంచి ‘దొంగిలించిన’ దేహాలు 477 అని కూడా అదే జాబితాలో ఉంది. ముసలి పూజారులను లీమాలోని సెర్కాదో పేటలో సాంతా క్రూస్ అనే నిర్బంధగృహంలో పెట్టారు. కురాకాల, అంటే ఊరిపెద్దల, కొడుకుల కోసం వేరే పాఠశాల తెరిచారు. తాతను ఒక గోడ వెనుక, మనవణ్ణి ఇంకొక గోడ వెనుక ఉంచారు.

అప్పటికీ ఆగలేదు. 1649 నుంచి ఆర్చ్‌బిషప్ పెద్రో దె విల్యగోమెస్ మరో దఫా నడిపాడు. 1656-58 మధ్య కహతాంబోలో బెర్నార్దో దె నొవోవా జరిపిన విచారణల కాగితాలు మాకు అన్నిటికన్నా దగ్గరివి. సాన్ పెద్రో దె ఆకాస్ ఊరిలో ఎర్నాందో ఆకాస్‌పోమా అనే వృద్ధుడి బోధలు అందులో ఉన్నాయి. చర్చిలోని సాధువులు రంగు వేసి, బంగారు పూత పూసిన కొయ్యలు, అడిగినా బదులివ్వవు, మన పెద్దలు బదులిస్తారు అన్నాడాయన. వెనుకటి తరం అధికారులు కాల్చిన పెద్దలకు ఆ కాలినచోటనే నైవేద్యాలు పెట్టించాడు. దేహం కాలినా దానిలోని ప్రాణశక్తి కాలదని, పిలిస్తే వచ్చి అందుకుంటుందని నేర్పాడు. సెయింట్ పీటర్ పండుగ చేసుకునే ముందు ఊరివాళ్ళు పెద్దల వద్దకు వెళ్ళి సెలవు తీసుకునేవారని కూడా ఆ కాగితాల్లోనే ఉంది. చర్చి పండుగను వాళ్ళు కాదనలేదు. పెద్దలను అడిగి చేశారు. దీనిలో మోసం ఉందని విచారణాధికారి అనుకున్నాడు. మాకు మర్యాద కనిపిస్తోంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాము. 1750ల తొలినాళ్ళలో, అంటే మొదటి మంట ఆరి నూటనలభై ఏళ్ళు దాటాక, అరెకీపా కొండల్లోని అందావా ఊరిలో గ్రెగోరియో తాకో అనే వర్తకుడు, అతని వాళ్ళు గుహల్లోని పెద్దలను కొలుస్తూ, ప్రభుత్వానికి పన్ను కట్టబోమన్నారు. కొరెహిదోర్, అంటే ఆ ప్రాంతపు స్పానిష్ అధికారి, వచ్చి గుహలు ధ్వంసం చేయించాడు. పెద్దల కొలువుకూ, పన్నుల రాజ్యానికీ ఉన్న వైరం ఏమిటో ఆ ఒక్క ఊరు తేటతెల్లం చేసింది. తన పొలం తన తాత ఇచ్చాడనుకునే వాడు, అది రాజు దయవల్ల వచ్చిందని ఒప్పుకోడు.

నిజం మొత్తం చెప్పడం మా ధర్మం గనుక ఇది కూడా చెప్పాలి. పెద్దల దేహాలను కాల్చిన వాళ్ళు స్పానిష్ వాళ్ళొక్కరే కాదు. ఇంకా వంశపు అన్నదమ్ముల యుద్ధంలో, వారిలో ఒకడైన అతావల్పా సేనానులు పూర్వపు రాజు తూపాక్ ఇంకా దేహాన్ని కాల్చారు. నిర్మూలన విచారణల్లో గుహ దారి చూపినవారు, పక్కవాడి మీద సాక్ష్యం చెప్పినవారు మా ఊళ్ళలోనూ ఉన్నారు. భయపడ్డవారున్నారు, పాత పగలు తీర్చుకున్నవారున్నారు. మాలో చాలామంది నేడు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం. ఊరి సెయింట్ పండుగకు బాజాలు పెట్టి ఊరేగింపు చేస్తాం. ఎవరి మతాన్నీ తప్పుపట్టడానికి మేము రాలేదు.

మా హక్కుకు ఆధారం

1993 రాజ్యాంగం 2వ అధికరణంలోని 19వ అంశం ప్రతి ఒక్కరి జాతి, సంస్కృతి గుర్తింపును కాపాడతానంటుంది. 89వ అధికరణం మా సమాజాలకు చట్టబద్ధమైన ఉనికిని ఇస్తుంది. పెరూ 1994లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందం ఆదివాసుల ఆధ్యాత్మిక విలువలను, నేలతో వారికున్న బంధాన్ని గౌరవించమంటుంది. ఆదివాసుల హక్కులపై 2007 ఐక్యరాజ్యసమితి ప్రకటన 12వ అధికరణం పూర్వీకుల దేహావశేషాలను తిరిగి పొందే హక్కును పేరు పెట్టి చెప్పింది. మమ్మల్ని ముందుగా సంప్రదించాలన్న 29785వ చట్టం 2011 నుంచి అమలులో ఉంది.

స్పానిష్ పూర్వకాలపు కట్టడాలు రాజ్యం సొత్తని సాంస్కృతిక వారసత్వ చట్టం చెబుతుంది. దాన్ని మేము సవాలు చేయడం లేదు. యాజమాన్యం వేరు, సంరక్షణ వేరు, బంధుత్వం వేరు. ఈ మూడింటినీ కలిపి ఒకరి చేతిలోనే పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు.

మాకు సంరక్షణ చేతనవునా అని ఎవరైనా అడిగితే, రాపాస్ ఊరిని చూపిస్తాము. అక్కడ కహా వాయి అనే చిన్న ఇంట్లో కిపులు, అంటే లెక్కలూ సంగతులూ ముడుల్లో పదిలపరచిన తాళ్ళు, ఊరి పెద్దల కాపలాలో నేటికీ ఉన్నాయి. వానల కోసం కొండలను వేడుకునే తంతు ఆ ఇంట్లోనే సాగుతుంది. వరోచిరీలోని తుపికోచాలో ఐల్యులు తమ కిపులను ఏటా కొత్త పెద్దలు బాధ్యత తీసుకునే సభకు బయటికి తెచ్చి గౌరవిస్తాయి. పరిశోధకులు వచ్చారు, చూశారు, రాసుకున్నారు, వెళ్ళారు. కిపులు ఊళ్ళోనే ఉన్నాయి. ఏ మ్యూజియం గోదాముకూ తీసిపోని భద్రత అది.

మా కోరికలు

మొదటిది విచారణ పత్రాల గురించి. ఆర్చ్‌బిషప్ భాండాగారంలోని ఆ విభాగం మొత్తాన్ని ఊళ్ళవారీగా విడదీసి, ఏ ఊరి కాగితాల నకలు ఆ ఊరికి ఉచితంగా ఇప్పించవలసిందని కోరుతున్నాము. మూలప్రతులు ఉన్నచోటే ఉండనివ్వండి; కాగితాన్ని కాపాడే పని వారు చక్కగా చేస్తున్నారు. మాకు కావలసింది చదవగలిగే ప్రతి. 17వ శతాబ్దపు గొలుసుకట్టు రాత మా బడిపంతుళ్ళు కూడా చదవలేరు. కనుక తేట అక్షరాల్లో ఎత్తిరాసిన ప్రతి, దాని కెచువా అనువాదం ఇవ్వాలి. పియెర్ దువియోల్ 1986లో కహతాంబో పత్రాలను అచ్చువేశారు. ఆ కృషికి మా వందనం. అయితే అలాంటి గ్రంథం విశ్వవిద్యాలయపు బీరువాలో ఉన్నట్టు మా ఊరి సమావేశ మందిరంలో ఉండదు.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, గుహ పేరేమిటి, ఊరికి ఎంత దూరం, అందులో ఏ పెద్ద ఉన్నాడు, అతని పిల్లలెవరు, అతని నైవేద్యానికి ఏ పొలంలో మొక్కజొన్న వేసేవారు, ఏ ఊటకు ఏ రోజు మొక్కేవారు అన్నీ విచారణాధికారులు అడిగి రాయించుకున్నారు. మా పెద్దలను నిర్మూలించడానికి తయారైన ఆ జాబితా తప్ప మాకు మరో వంశావళి మిగల్లేదు. దాన్ని వాళ్ళు మాట్లాడిన భాషలోనే వాళ్ళ మనవలు చదువుకోవాలి. ప్రతి ఊరి నుంచి ఒక యువకుడికో యువతికో పాత లిపి చదివే తరిఫీదు ఇప్పిస్తే ఈ పనిలో సగం మేమే చేసుకుంటాము.

ఇదే కోరికకు అనుబంధంగా, స్పెయిన్ ప్రభుత్వానికి తమరు లేఖ రాయవలసిందని ప్రార్థన. తాకి ఓంకోయ్ మీద అల్బొర్నోస్ సమర్పించిన కాగితాలు సెవిల్‌లో ఉన్నాయి. పరియకాకా కొండదేవుడి కథలతో 17వ శతాబ్దం మొదట్లో కెచువాలో రాసిన వరోచిరీ గ్రంథం మాద్రిద్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఆండీస్ రచయిత గువామన్ పోమా స్పెయిన్ రాజుకు రాసుకున్న మహా వినతి కోపెన్‌హాగన్‌లో ఉన్నా, డెన్మార్క్ రాజ గ్రంథాలయం 2001లోనే దాని ప్రతి పుటనూ లోకమంతా చూసుకునేలా ఉచితంగా ఉంచింది. మిగిలిన పత్రాలూ అలాగే అందరికీ అందడానికి అడ్డేమీ ఉండదని మా విశ్వాసం.

రెండవది దేహాల గురించి. ప్రభుత్వ మ్యూజియంలలో, విశ్వవిద్యాలయాల గోదాముల్లో ఉన్న మానవ దేహావశేషాలన్నిటికీ ఒక బహిరంగ పట్టిక తయారు చేయించండి. ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరు తెచ్చారు, ఏ ఏట తెచ్చారు అన్నవి తెలిసినంతవరకు రాయించండి. ఆ పట్టిక సంబంధిత ఊళ్ళకు అందాక, ఊరి సభ తీర్మానించి అడిగితే దేహాన్ని తిరిగి అప్పగించాలి. అన్ని ఊళ్ళూ అడుగుతాయని మేము అనుకోవడం లేదు. పొడిగా, భద్రంగా ఉన్నచోటే ఉండనిద్దాం అనే ఊళ్ళూ ఉండవచ్చు. ఆ నిర్ణయం చేసే హక్కు ఊరిదని ఒప్పుకోవడమే ముఖ్యం. అంతవరకు, ఊరి అనుమతి లేని దేహాలను అద్దాల పెట్టెల్లో ప్రదర్శించవద్దని మనవి. ఎవరి తాతనైనా బడిపిల్లల ముందు ముఖం విప్పి చూపించేముందు ఇంటివాళ్ళను అడగడం ఉచితం కదా.

విదేశాల సంగతి కూడా ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అలేష్ హర్డ్లిచ్కా అనే ఒక్క శాస్త్రవేత్తే పెరూ నుంచి వేలాది పుర్రెలను అమెరికా మ్యూజియంలకు తరలించాడు. ఇలాంటివి తిరిగి రాబట్టడం అసాధ్యమని ఎవరూ అనలేరు. మాచు పిచ్చు నుంచి తీసుకుపోయిన వస్తువులను, ఎముకలను యేల్ విశ్వవిద్యాలయం 2011, 2012ల్లో కుస్కోకు తిప్పి పంపింది. 1890 నుంచి తమ దగ్గరున్న ఒక బాలిక దేహాన్ని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2019లో బొలీవియాకు అప్పగించింది. ప్రభుత్వం అడిగితే వచ్చాయి. ప్రభుత్వం అడగాలన్నదే మా విన్నపం.

మూడవది గుహల గురించి. మచాయ్‌లను పురావస్తు స్థలాలుగా మాత్రమే కాక, నేటికీ కొలువున్న స్థలాలుగా నమోదు చేయించండి. కోకా ఆకు, చీచా, ఒక పూవు పెట్టి రావడానికి లీమా నుంచి అనుమతి చీటీ తెచ్చుకోవలసిన అవసరం ఉండకూడదు. తవ్వకానికి మాత్రం ఊరి సభ సమ్మతి ఉండాలి. తవ్వినవారు ఏం దొరికిందో ఊరికి వచ్చి నోటితో చెప్పాలి. దొంగ తవ్వకాల వాళ్ళు రాత్రిళ్ళు వచ్చి బట్టలు, కుండలు ఏరుకుని ఎముకలు చిమ్మి పోతున్నారు. కొండ తెలిసినవాడే కొండను కాయగలడు. కనుక మా ఊళ్ళ నుంచే కాపలాదారులను నియమించి, జీతం ఇప్పించండి. గని లీజు మంజూరు చేసే ముందు ఆ పరిధిలో పెద్దల గుహలున్నాయా అని ఊరిని అడిగే అంశం సంప్రదింపుల ప్రక్రియలో తప్పనిసరిగా చేరాలి. కొండ పేలిపోయాక అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు.

నాలుగవది సాన్ ఆంద్రెస్ పాత ఆసుపత్రి గురించి. కుస్కో రాజదేహాలు చివరిసారి కనిపించిన ఆ స్థలంలో పురావస్తు పర్యవేక్షణ లేకుండా ఏ నిర్మాణమూ, తవ్వకమూ జరగనివ్వకండి. వెదుకులాట మళ్ళీ మొదలైతే కుస్కో సమాజాల ప్రతినిధులు మొదటి రోజు నుంచి అక్కడ ఉండాలి.

ఐదవది ఆర్చ్‌బిషప్ గారికి నేరుగా చేసుకునే విన్నపం. 2015 జూలైలో బొలీవియాలోని సాంతా క్రూస్‌లో పోప్ ఫ్రాన్సిస్ గారు, అమెరికా ఆక్రమణ కాలంలో ఆదివాసుల పట్ల చర్చి చేసిన అపరాధాలకు క్షమాపణ చెప్పారు. ఆ మాట మా గుండెకు తాకింది. అయితే అది ఖండం మొత్తానికి చెప్పినది. నిర్మూలన విచారణలు నడిపింది లీమా ఆర్చ్‌బిషప్ పీఠం. కాబట్టి లీమా పీఠం తన పేరుతో, మా ఊళ్ళ పేర్లు చదివి, ఒక ప్రకటన చేయడం న్యాయం. డిసెంబరు 20న, ఆ మంట వేసిన చౌరస్తాలోనే అయితే సముచితంగా ఉంటుంది. మంట వేసిన చోట, సెర్కాదోలో నిర్బంధగృహం ఉన్న పేటలో కెచువా, స్పానిష్ భాషల్లో ఒక్కొక్క ఫలకం పెట్టించండి. ఎర్నాందో పౌకర్, ఎర్నాందో ఆకాస్‌పోమా పేర్లు వాటిమీద ఉండాలి. నేరస్థులుగా రాసిపెట్టిన పేర్లవి.

ఆరవది పాఠ్యపుస్తకాల గురించి. మా పిల్లలు ఇంకా వంశపు రాజుల పాఠం చదువుతారు, స్పానిష్ ఆక్రమణ చదువుతారు, ఆపై స్వాతంత్ర్యం చదువుతారు. మధ్యలో తమ ఊరివాళ్ళు ఏం నిలబెట్టుకున్నారో చదవరు. కొండ జిల్లాల బడుల్లో ఆ విచారణ పత్రాల నుంచే, ఏ ఊరి పాఠం ఆ ఊరికి, కెచువాలో ఒక పాఠం చేర్చేందుకు విద్యాశాఖను తమరు కోరాలి.

అమలు విధానం

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కావని మాకు తెలుసు. అందుకే క్రమం సూచిస్తున్నాము. ఈ వినతి అందిన మూడు నెలల్లో ఒక సంఘాన్ని నియమించండి. అందులో సగం మంది కొండ ఊళ్ళ సభలు ఎన్నుకున్నవారు ఉండాలి, వారిలో ఆడవాళ్ళు ఉండాలి. పెద్దల చరిత్రను డప్పు మీద మోసింది వాళ్ళే. సమావేశాలు లీమాలో ఒకసారి జరిగితే కొండ మీద ఒకసారి జరగాలి. మాటలు కెచువాలోనూ రాసుకోవాలి. మొదటి ఏడాదిలో పత్రాల నకళ్ళు, దేహాల పట్టిక పూర్తయితే, అప్పగింతల సంగతి రెండవ ఏట మాట్లాడుకోవచ్చు. గుహల కాపలా మాత్రం వానలు తగ్గి దొంగ తవ్వకాలు పెరిగే కాలానికి ముందే మొదలవ్వాలి.

నకళ్ళ ఖర్చు విషయంలో ఒక మాట. కాగితం, అచ్చు ఖర్చులు ప్రభుత్వం, పీఠం పంచుకోవడం ధర్మమని భావిస్తున్నాము. లీమా నుంచి ఊళ్ళకు చేరవేసే పని, ఊళ్ళో భద్రపరిచే బీరువా మా పూచీ. దేహాల అప్పగింత జరిగే ఊళ్ళలో దారి బాగుచేయడానికి, గుహ శుభ్రం చేయడానికి ఊరంతా కలిసి పనిచేస్తుంది. ప్రభుత్వం నుంచి కూలి అడగము.

ఈ వినతి కెచువా మూలం, స్పానిష్ ప్రతి దీనితో జతచేశాము. జవాబు కూడా రెండు భాషల్లో ఇప్పిస్తే ఊరి సభలో చదివి వినిపిస్తాము. ఏ కోరికనైనా అంగీకరించలేని పక్షంలో దానికి కారణం రాసి పంపవలసిందని, ఆ కారణం మీద మాట్లాడుకోవడానికి మమ్మల్ని పిలవవలసిందని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
కహతాంబో, వరోచిరీ, కాంతా కొండ ఊళ్ళ సభల తరఫున,
సంతకాలు, వేలిముద్రలు చేసినవారు.
లీమా.